"ఛీ" అనాలనిపిస్తే ఫ్రెంచివాళ్ళు ఏమంటారు?

ఫ్రెంచి మాట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. అసహ్యం వేసినప్పుడు ఫ్రెంచివాళ్ళ నోటి నుంచి ఠపీమని వచ్చే మాటల గురించి అడిగారు. క్లాసులో మేం వీటిని పెద్దగా నేర్పం. కానీ ఫ్రాన్సులో దిగిన మొదటి వారంలోనే ఇవి చెవిన పడతాయి, తెలియకపోతే మనసు నొచ్చుకుంటుంది. అందుకని ఈసారి కాలమ్ అంతా వీటికే ఇచ్చేశాను. ఫ్రెంచి ఉచ్చారణ మన లిపిలో పూర్తిగా ఒదగదు. ముక్కుతో పలికేచోట అరసున్న పెట్టాను, మిగతాది వీలైనంత దగ్గరగా రాశాను.

ప్రశ్న: మేడంగారూ, సెప్టెంబరులో లీల్‌లో మాస్టర్స్‌లో చేరబోతున్నాను. ఫ్రెంచిలో బి1, అంటే మధ్యస్థాయి, పూర్తయింది. మా పుస్తకంలో "నాకు ఇష్టం లేదు" అని చెప్పడమే నేర్పారు. మనం "ఛీ", "యాక్" అన్నట్టు వాళ్ళు ఏమంటారు?
(ఒక విద్యార్థి, తెనాలి)

జవాబు: బాబూ, అన్నిటికంటే ఎక్కువగా వినబడేది "బర్క్". పిల్లలూ అంటారు, పెద్దలూ అంటారు. పాలు విరిగిపోయాయి, బర్క్. చెప్పు కింద ఏదో మెత్తగా తగిలింది, బర్క్. దీన్ని సరిగ్గా పలకాలంటే పెదవుల్ని "ఓ" అనడానికి పెట్టినట్టు గుండ్రంగా పెట్టి, లోపల నాలుకతో "ఎ" అనండి. తర్వాత వచ్చే "ర" మన "ర" కాదు. హైదరాబాదులో ఉర్దూ మాట్లాడేవాళ్ళు ఖైరతాబాద్ అనేటప్పుడు మొదట్లో గొంతు గీరినట్టు వినిపిస్తుంది చూడండి, ఆ చప్పుడు. దానికి చివర "క్" తగిలించండి. వాంతి వచ్చేముందు గొంతులో అయ్యే చప్పుడు లాగే ఉంటుంది, ఆ మాట పుట్టింది కూడా అందులోంచే. కొందరు "బెర్క్" అని కూడా రాస్తారు, పలుకుతారు. రెండూ ఒకటే.

దుర్వాసనకి "ప్వా" అని ఇంకోటి ఉంది. నోట్లోంచి గాలి బయటికి తోసేసే మాట ఇది. మన "థూ" చేసే పనే చేస్తుంది. ఇప్పుడు మాటల్లో కంటే బొమ్మల కథల బుడగల్లో ఎక్కువ కనిపిస్తుంది. వాసన గురించి మామూలుగా అయితే "సా ప్యూ" అంటారు, కంపు కొడుతోందని. గది మురికిగా ఉంటే "సే క్రాద్". పసిపిల్లలు నేల మీద ఉన్నదేదో నోట్లో పెట్టుకోబోతే తల్లులు "సే కాకా" అని చెయ్యి పట్టుకుంటారు. మన ఇళ్ళలో "ఛీ, కక్క" అన్నట్టే.

ఇక్కడ ముఖ్యమైన సంగతి ఒకటుంది. మన "ఛీ" చాలా పనులు చేస్తుంది. బస్సు తప్పిపోయినా ఛీ, పరువు పోయినా ఛీ, ఎవడైనా అన్యాయం చేసినా ఛీ, కొత్త పెళ్ళికూతురు సిగ్గుపడి "ఛీ, పోండి" అన్నా ఛీ. "బర్క్" ఇన్ని పనులు చేయదు. బస్సు తప్పితే "జ్యూత్" లేదా "మేఁస్" అనాలి. పదిమందిలో తలవంపులైతే "లా ఓఁత్" అంటారు. అన్యాయానికి వేరే మాట ఉంది, కింద చెప్తాను. సిగ్గుతో అనే ఛీకి వాళ్ళ దగ్గర సరైన జోడీ నాకెప్పుడూ దొరకలేదు. మీరు బస్సు వెనక పరిగెత్తుతూ "బర్క్" అంటే, బస్సులో ఏం కుళ్ళిందా అని చుట్టూ చూస్తారు.

ప్రశ్న: లియోఁలో ల్యాబ్‌లో పని చేస్తున్నాను. నా తోటివాళ్ళు ఫ్రిజ్‌లో పాత డబ్బా చూసి "సే దేగలాస్" అంటారు. నేనూ అలవాటు పడి ఒకరోజు మా ప్రొఫెసర్ ముందు అనేశాను. ఆయన ఏమీ అనలేదు కానీ పక్కనున్నావిడ కనుబొమలెత్తింది. అది బూతా?
(ఒక పరిశోధక విద్యార్థిని)

జవాబు: బూతు కాదు తల్లీ, మోటు. "గల్" అంటే జంతువు నోరు. మనిషి నోటిని ఆ మాటతో అన్నారంటే మర్యాద తప్పారన్నమాట. అందులోంచి వాంతి చేసుకోవడానికి ఒక మోటు క్రియ వచ్చింది, దాన్నుంచి "దేగలాస్" వచ్చింది. స్నేహితుల మధ్య రోజంతా అంటారు. కుర్రకారు దాన్ని ఇంకా కుదించి "దేగ" అంటారు. అలా కుదిస్తే కాస్త మెత్తబడుతుంది. పదేళ్ళ పిల్ల "దేగ" అంటే చాలామంది తల్లులు ఊరుకుంటారు, "దేగలాస్" అంటే మందలిస్తారు.

ప్రొఫెసర్ ముందు, ఇంటి ఓనర్‌తో, ఆఫీసులో పైవాళ్ళతో "సే దేగూతాఁ" అనండి. అర్థం అదే, మాట శుభ్రంగా ఉంటుంది. రుచి గాని వాసన గాని భరించలేనట్టుంటే "ఏఁఫెక్త్" అన్నా ఎవరూ తప్పు పట్టరు. "సా మ ఫె జెర్బే", కక్కొస్తోంది, అని కూడా మీకు వినబడుతుంది, దాన్ని చెవి దగ్గరే ఆపేయండి.

తెనాలి అబ్బాయికి చెప్తానన్నది ఇదే. అన్యాయాన్ని కూడా "దేగలాస్" అంటారు. స్నేహితురాలి డిపాజిట్ ఇంటి ఓనర్ తిరిగివ్వకపోతే, "సే దేగలాస్ స కీల్ తా ఫె", వాడు నీకు చేసింది నీచం, అని ఆమె పక్షాన నిలబడతారు. అలాంటప్పుడు ఆ మాటలో మోటుదనం కంటే ఆప్యాయత ఎక్కువ వినిపిస్తుంది. మీ తోటివాళ్ళు మీ తరఫున అలా అన్నారంటే మిమ్మల్ని తమలో కలుపుకున్నారని అనుకోవచ్చు.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి దగ్గరికి తులూజ్ వచ్చి నెల దాటింది. మనవడికి ఐదేళ్ళు. ముద్దపప్పు నెయ్యేసి కలిపి ముద్ద నోట్లో పెట్టబోతే "బర్క్" అని మొహం తిప్పేసుకున్నాడు. అర్థం అడిగితే కోడలు నవ్వి ఊరుకుంది. తర్వాత మా అబ్బాయి చెప్తే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను వాడికి ఏం చెప్పాలి?
(ఒక నాయనమ్మ)

జవాబు: పెద్దమ్మగారూ, ముందు మనసులోంచి ఆ బాధ తీసేయండి. ఆ మాట మీ మీదకి రాలేదు. బడి క్యాంటీన్ నుంచి వచ్చింది. అక్కడ మధ్యాహ్నం బల్ల చుట్టూ పిల్లలు కూర్చుంటారు. పాలకూర వచ్చినా, చేదుగా ఉండే ఆందీవ్ ఆకులు వచ్చినా, బుల్లి బుల్లి క్యాబేజీలు వచ్చినా ఒకడు "బర్క్" అంటే మిగతావాళ్ళంతా అందుకుంటారు. ఇంటికొచ్చాక కొత్తగా కనిపించిన ఏ తిండికైనా అదే వాడతారు.

కానీ ఫ్రెంచి ఇళ్ళలో దీన్ని ఊరికే వదిలేయరు, ఇది మీకు ఉపయోగపడుతుంది. అక్కడి తల్లులు, బామ్మలు అందరూ ఒకే వాక్యం అంటారు: "ఓఁ న దీ పా బర్క్, ఓఁ దీ జ నెమ్ పా." బర్క్ అనకూడదు, నాకు ఇష్టం లేదు అనాలి, అని. మొదటిది వండినవాళ్ళని నొప్పిస్తుంది, రెండోది తనకేది నచ్చదో చెప్తుంది. ఈ తేడా పిల్లలకి మూడేళ్ళ నుంచే నేర్పుతారు. ఆ వెంటనే ఇంకో మాట అంటారు, "తు గూత్", అంటే రుచి చూడు అని. తినకపోయినా ఫరవాలేదు, ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని తీరాలి. రుచి అనేది నేర్చుకుంటే వస్తుందని వాళ్ళ నమ్మకం. 1990 నుంచి ఏటా అక్టోబరులో రుచుల పండుగ ఒకటి జరుపుతున్నారు. వంటవాళ్ళు బళ్ళకి వెళ్ళి పిల్లలకి తీపి, పులుపు, ఉప్పు, చేదు పరిచయం చేస్తారు.

కాబట్టి మీ మనవడితో ఆ రెండు మాటలే అనండి, మీ తెలుగు యాసలోనే. వాడికి చప్పున అర్థమవుతుంది, నాయనమ్మకి తన భాష వచ్చని సంబరపడతాడు కూడా. ముద్ద కలిపి పెట్టడం ఒక వారం ఆపండి. పప్పు ఒక చిన్న గిన్నెలో, చెంచాతో, వాడి చేతికే ఇవ్వండి. అక్కడి పిల్లలు రెండేళ్ళకే తమంతట తాము తినడం అలవాటు చేసుకుంటారు. ఇంకొకరి చెయ్యి నోటి దాకా రావడమే వాడికి కొత్తయి ఉండొచ్చు. "బర్క్ అనకు నాన్నా, వద్దు నాయనమ్మా అను" అని తెలుగులోనూ చెప్పండి. రెండు భాషల్లోనూ మర్యాద నేర్చుకుంటాడు.

ప్రశ్న: అక్కా, గ్రెనోబుల్‌లో ఉంటున్నాం. మా పాప సి.ఇ.1, అంటే మన రెండో తరగతి. బడివాళ్ళు పిల్లల్ని కొండ మీదికి తీసుకెళ్తామని ఇంటి నుంచి భోజనం పంపమన్నారు. దానికి ఇష్టమని పులిహోర పెట్టాను. డబ్బా మూత తీయగానే పక్కనున్న పిల్లలు "బర్క్, సా ప్యూ" అన్నారట. మూత పెట్టేసి సాయంత్రం దాకా ఏమీ తినకుండా వచ్చింది. ఇక మీదట జాంబోఁ (పందిమాంసం) శాండ్‌విచ్చే పెట్టమంటోంది. మేం మాంసం తినం. ఏం చెయ్యను?
(ఒక తల్లి)

జవాబు: చెల్లెమ్మా, ఈ ఉత్తరం చదివాక చాలాసేపు ఇంకే పనీ చెయ్యబుద్ధి కాలేదు. ఇంగువ, కరివేపాకు, ఆవాలు వేగిన ఆ వాసన మనకి పండగ. ఏడేళ్ళ పిల్ల సంతోషంగా మూత తీస్తే ఎదురైంది ఇది. ఇది చిన్న విషయమని ఎవరన్నా నమ్మకండి.

మొదట పాపతో మాట్లాడండి. "వాళ్ళకి తెలీదులే" అని తేల్చేయకుండా, ఏం జరిగిందో మొత్తం చెప్పనివ్వండి. ఎవరు ముందు అన్నారు, ఎవరు నవ్వారు, ఎవరు ఊరుకున్నారు, అన్నీ అడగండి. ఊరుకున్న పిల్ల ఒకతి ఉండే ఉంటుంది. ఆ పిల్ల పేరు గుర్తుపెట్టుకోండి.

తర్వాత దానికి ఒక జవాబు నేర్పండి. మనం నేర్పే జవాబు ఆ ఆటస్థలంలో చెల్లేదిగా ఉండాలి. పుస్తకంలో ఉన్నట్టు "దయచేసి అలా అనవద్దు" అని చెప్తే ఇంకా నవ్వుతారు. అక్కడి పిల్లలు ఒకరినొకరు అనుకునే మాట ఇది: "దీ పా బర్క్, తా మెమ్ పా గూతే!" బర్క్ అనకు, నువ్వు రుచి కూడా చూడలేదు, అని. ఇందులో ఏడుపు లేదు, తిట్టు లేదు. ఇందాక నాయనమ్మగారికి చెప్పిన నియమమే ఇది, ప్రతి ఇంట్లో ఆ పిల్లలు తమ అమ్మ దగ్గర విన్నదే. అందుకే ఎదురు చెప్పలేరు. అద్దం ముందు నిలబెట్టి ఒకటికి నాలుగుసార్లు అనిపించండి. గొంతు పెంచక్కర్లేదు, గబగబా అనగలిగితే చాలు.

మూడోది టీచరుగారు. బడి వదిలే వేళకి గేటు దగ్గర ఆవిణ్ణి పట్టుకుని రెండు నిమిషాలు అడగండి, లేదా పాప నోటుపుస్తకంలో ఒక చీటీ రాయండి. ఫిర్యాదులా కాకుండా జరిగింది జరిగినట్టు రాయండి: పిక్నిక్‌లో మా పాప భోజనాన్ని బర్క్ అన్నారు, అది రోజంతా ఏమీ తినలేదు. "రోజంతా తినలేదు" అన్న వాక్యం తప్పకుండా ఉండాలి. భోజనాన్ని అక్కడ బడి చాలా గంభీరంగా తీసుకుంటుంది, పిల్ల పస్తున్నదంటే ఏ టీచరూ పక్కన పెట్టదు. అక్టోబరు రుచుల పండుగకి మన వంట ఒకటి తెస్తానని అడిగి చూడండి. బయటి తిండి తేవడానికి కొన్ని బళ్ళు ఒప్పుకోవు, అలర్జీల భయం ఉంటుంది. అప్పుడు వండినది కాకుండా దినుసులే తీసుకెళ్ళండి. ఆవాలు, పసుపు, చింతపండు, కరివేపాకు. పిల్లలు చేతిలో నలిపి వాసన చూస్తారు. ఆవాలు వాళ్ళకి కొత్తేం కాదు. వాళ్ళ ఫ్రిజ్‌లో ఉండే దిజోఁ మూతార్ద్ అనే ఆవముద్ద చేసేది వాటితోనే. ఆ మాట మీ పాప నోటితోనే చెప్పించండి.

ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోండి. "సా ప్యూ" అంటే అది కంపు కొడుతోంది. "తు ప్యూ" అంటే నువ్వు కంపు కొడుతున్నావు. మొదటిది తిండి మీద, పిల్లల తెలివితక్కువతనం. రెండోది మనిషి మీద. ఆ రెండో మాట ఒక్కసారి వినబడినా, లేదా మొదటిదే రోజూ వినబడుతున్నా, గేటు దగ్గర మాట్లాడి ఆగొద్దు. హెడ్మాస్టరుగారి అపాయింట్‌మెంట్ తీసుకుని, తేదీలు రాసుకుని, మీ వారిని కూడా తీసుకుని వెళ్ళండి. మీ ఫ్రెంచి తడబడినా ఫరవాలేదు, వెళ్ళండి.

పులిహోర మానొద్దు. వచ్చే పిక్నిక్‌కి పాప శాండ్‌విచ్ కావాలంటే చీజ్, దోసకాయ ముక్కలు పెట్టి ఇవ్వండి, పక్కన చిన్న డబ్బాలో రెండు చెంచాల పులిహోర పెట్టండి. మూత తీయాలా వద్దా అన్నది దాని ఇష్టం. ఇందాక ఊరుకున్న పిల్ల ఉంది చూడండి, ఆ పిల్లని ఒక బుధవారం మీ ఇంటికి పిలవండి. చాలా ఊళ్ళలో బుధవారం చిన్నపిల్లలకి బడి ఉండదు.

ప్రశ్న: సార్ లేదా మేడమ్, ఆఫీసువాళ్ళతో బస్సులో ఆల్ప్స్ కొండల మీదికి వెళ్తుంటే నా పక్కనావిడ తెల్లగా పాలిపోయి "జే మాల్ ఓ కర్" అంది. "కర్" అంటే గుండె అని నాకు తెలుసు. గుండెపోటని కేక పెట్టి 15కి ఫోన్ చెయ్యబోయాను. అందరూ నన్ను ఆపారు. నేను చేసింది తప్పా?
(ఒక ఉద్యోగి, గ్రెనోబుల్)

జవాబు: మీరు చేసింది మంచి పని. అంబులెన్సు నంబరు 15 అని గుర్తుండటం ఇంకా మంచిది. కానీ ఆవిడ అన్నది "కడుపులో తిప్పుతోంది" అని. వాంతి వచ్చేట్టుంటే ఫ్రెంచివాళ్ళు అలాగే అంటారు. ఘాట్ రోడ్డు మలుపుల్లో సగం బస్సు ఆ మాటే అంటుంది. నిజంగా గుండెల్లో నొప్పి వస్తే "జే మాల్ ఆ లా ప్వాత్రీన్" అంటారు, ఛాతీలో నొప్పి అని. ఇది అటూ ఇటూ అయితే ప్రమాదం. మన పెద్దవాళ్ళు అక్కడికి వచ్చినప్పుడు ఈ ఛాతీ నొప్పి వాక్యం కాగితం మీద తెలుగులో రాసి వాళ్ళ పర్సులో పెట్టండి. ఛాతీ నొప్పితో డాక్టరు దగ్గర "మాల్ ఓ కర్" అంటే వాంతుల గురించి అడుగుతూ కూర్చుంటారు.

ప్రశ్న: నా ఫ్రెంచి స్నేహితుడికి మ్యాచ్ టికెట్లు దొరకలేదు. "జ స్వి దేగూతే" అన్నాడు. టికెట్లు దొరక్కపోతే అసహ్యం దేనికి?
(ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: అది అసహ్యం కాదు, ఉసూరుమనడం. ఆశపడింది చేజారితే ఇప్పటి కుర్రాళ్ళు అలాగే అంటారు. పరీక్ష పోయినా, రైలు తప్పినా, సెలవు రద్దయినా అదే. ఆడపిల్ల అన్నా వినడానికి ఒకేలా ఉంటుంది, రాతలో చివర ఒక అక్షరం ఎక్కువ. అలాంటప్పుడు ఓదార్చాలి. "ఏం నచ్చలేదు?" అని అడగకండి.

ప్రశ్న: మా వారు ఆల్సాస్ నుంచి మ్యూఁస్తేర్ చీజ్ తెచ్చారు. ఫ్రిజ్ తెరిస్తే తడిసిన సాక్సుల వాసన. వాళ్ళ బాస్ ఇంటికి భోజనానికి పిలిచారు, అక్కడా ఇదే పెడతారట. నాకు ముక్కు మూసుకోవాలనిపిస్తుంది. మర్యాదగా ఎలా తప్పించుకోను?
(ఒక గృహిణి, స్త్రాస్‌బూర్గ్)

జవాబు: అమ్మా, సాక్సుల వాసన అన్నారు, సరిగ్గా పట్టుకున్నారు. ఆ చీజ్ పైతొక్కని వారాల తరబడి ఉప్పునీళ్ళతో తుడుస్తారు. దాని మీద పెరిగే బాక్టీరియా మనిషి పాదాల మీద వాసన పుట్టించే వాటికి దగ్గరి చుట్టమే. వాసనంతా ఆ నారింజరంగు తొక్కది. లోపలి మెత్తని భాగానికి ఆ వాసన సగం కూడా ఉండదు, వెన్నలా ఉంటుంది. ఒక్కసారి తొక్క తీసేసి, ఉడికించిన బంగాళాదుంప మీద కాస్త పెట్టి, వాళ్ళు చల్లుకునే జీలకర్రలాంటి గింజలు చల్లుకుని చూడండి. అక్కడివాళ్ళు అలాగే తింటారు.

అయినా వద్దనిపిస్తే, భోజనాల బల్ల దగ్గర "బర్క్" గాని "ప్వా" గాని ఎంత నవ్వుతూ అన్నా అనకండి. చీజ్ పళ్ళెం తిప్పుతారు. మీ దాకా వస్తే మీకు నచ్చే ఘాటు లేని రకం ఒకటి చిన్న ముక్క కోసుకుని పక్కవారికి అందించేయండి, చాలు. అన్నీ తినాలని ఎవరూ అనుకోరు. ఎవరైనా బలవంతపెడితే "సే ఏఁ ప ఫోర్ పుర్ మ్వా" అనండి, నాకు కాస్త ఘాటు అని.

వాళ్ళు కూడా నచ్చనిదాన్ని సూటిగా చెప్పరు. మీరు తీసుకెళ్ళిన ఆవకాయ రుచి చూసి "సే స్పెస్యాల్" అన్నారంటే మెచ్చుకున్నారని పొంగిపోకండి. అదోలా ఉందని మర్యాదగా చెప్పారు. "పా తెరీబ్ల్" అన్నా అంతే, బాగాలేదని. బాగుంటే "ఆఁకోర్" అని పళ్ళెం మళ్ళీ చాపుతారు.

ప్రశ్న: హైదరాబాదు నుంచి పారిస్ టీమ్‌తో రోజూ కాల్స్. నేను డిజైన్ చూపించగానే మా మేనేజర్ భుజాలెగరేసి "బోఫ్" అన్నాడు. అసహ్యించుకున్నాడా? టెన్షన్‌గా ఉంది.
(ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని)

జవాబు: లేదమ్మా. "బోఫ్" అంటే "ఏమో, అంతంతమాత్రం". అసహ్యం కాదు, ఉత్సాహం లేకపోవడం. "ఏం మారిస్తే బాగుంటుంది?" అని అక్కడికక్కడే అడగండి, గడగడా చెప్తాడు. బుగ్గలు ఉబ్బించి "ప్ఫ్" అని గాలి వదిలితే విసుగు. అది ఎక్కువసార్లు మీటింగు మీదే ఉంటుంది, మనిషి మీద కాదు. "బా వీ" అంటే "అవును మరి" అని. ఆ "బా"లో కోపం లేదు.

ప్రశ్న: మా తాతగారు యానాంలో ఫ్రెంచివాళ్ళ హయాంలో గుమాస్తా. మేం బురదకాళ్ళతో ఇంట్లోకొస్తే "ఫీ దోఁ!" అనేవారు. అది ఫ్రెంచేనా? అలా ఎవరూ అనడం వినలేదు.
(ఒక పాఠకురాలు, యానాం)

జవాబు: మా ఊరి ఉత్తరం! నిండా ఫ్రెంచే అమ్మా. "ఫీ" మధ్యయుగాల నుంచి ఉన్న ఛీ. "దోఁ" ఊతం కోసం. పాత నాటకాల్లో గొప్పింటి ఆడవాళ్ళు విసనకర్ర అడ్డం పెట్టుకుని అనే మాట అది. ఇప్పుడు ఫ్రాన్సులో ఎవరైనా అన్నారంటే సరదాకే. కానీ "ఫేర్ ఫీ ద" అన్న పలుకుబడిలో బతికే ఉంది, ఖాతరు చెయ్యకపోవడం అని. పత్రికల్లో రోజూ చూడొచ్చు.

యానాం 1954 నవంబరు 1న మన దేశం చేతికొచ్చింది, ఒప్పందం 1962లో అమల్లోకి వచ్చింది. మీ తాతగారి తరం నేర్చుకున్న ఫ్రెంచి బడిలో బట్టీపట్టిన ఫ్రెంచి. పారిస్ వీధుల్లో మాట మారిపోతున్నా ఇక్కడ పెద్దవాళ్ళ నోట్లో అది అలాగే నిలిచింది. "బర్క్" వాళ్ళకి తెలిసి ఉండకపోవచ్చు. మీ ఇంట్లో ఇంకా ఎవరికైనా ఇలాంటి మాటలు గుర్తుంటే ఫోన్‌లో రికార్డు చేసి పెట్టండి, కాలమ్‌కి కూడా పంపండి. ఆ తరం తగ్గిపోతోంది.

ప్రశ్న: మోంత్రియాల్‌లో చదువుతున్నాను. బిర్యానీ చేసి పిలిస్తే నా క్యుబెక్ రూమ్మేటు మొదటి ముద్దకే "సే ఏకరాఁ!" అన్నాడు. నిఘంటువులో వెతికితే "వెగటు పుట్టించేది" అని ఉంది. కానీ రెండుసార్లు పెట్టించుకున్నాడు, గిన్నె ఖాళీ. ఏమనుకోవాలి?
(ఒక విద్యార్థి, వరంగల్)

జవాబు: నీ నిఘంటువు ఫ్రాన్సుది బాబూ. అక్కడ ఏకరాఁ అంటే మొహం మొత్తేంత తీపో నూనో. క్యుబెక్‌లో అదే మాటని పెద్ద మెచ్చుకోలుగా వాడతారు, మనవాళ్ళు "అరాచకం" అన్నట్టు. అయితే అక్కడ కూడా పాత అర్థం పోలేదు. ఎవరినైనా పట్టుకుని "ఏకరాఁ" అంటే నీచుడని తిట్టినట్టే. "ఏకరే" అని తన గురించి చెప్పుకుంటే విసిగిపోయానని. మొహం చూసి, పళ్ళెం చూసి పోల్చుకోవాలి. నువ్వు ముందుగా వాడకు, వాళ్ళు నాలుగు చోట్ల ఎలా అంటున్నారో విన్నాక వాడు. నిజంగా అసహ్యం వేస్తే వాళ్ళు "వాష్" అంటారు, ఒక్కోసారి "ఆర్క్" అంటారు. ఆ రెండింట్లో ఏదీ వినబడలేదు కదా, వచ్చే ఆదివారం బియ్యం ఇంకో గ్లాసు ఎక్కువ పొయ్యి.